కబురు తెచ్చే వేషం

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. అదీ ఊళ్ళో రైస్ మిల్లులో కూలి ఇచ్చేటప్పుడు అందరి ముందూ వేలిముద్ర వేయిస్తుంటే రోషమొచ్చి నేర్చుకున్నది. అందుకని ఇది నేను చెబుతుంటే మా చర్చికి వచ్చే ఒకమ్మాయి రాస్తోంది. ఆ అమ్మాయికి ముందే చెప్పాను, నేను కోపంగా చెప్పిన చోట కోపంగానే రాయమ్మా, మెత్తబరచొద్దు అని. పద్నాలుగేళ్ళపాటు అందరూ నా దగ్గర మెత్తగానే మాట్లాడారు. ఆ మెత్తదనం మీదే నా కోపమంతా.

మేముండేది మిచిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో. అల్లుడు కార్ల కంపెనీలో ఇంజనీరు. మా అమ్మాయి ఆసుపత్రి ల్యాబ్‌లో పని చేస్తుంది. వాళ్ళకి ఒక్కతే కూతురు, తొమ్మిదో తరగతి. మొన్న చలికాలం చివర్లో ఒక సాయంత్రం నేను పప్పుకి తిరగమోత పెడుతున్నాను. వెనక నుంచి "అమ్మమ్మా" అని పిలుపు. తిరిగి చూస్తే పిల్ల ఒంటి మీద వేరే మొహం ఉంది. కాగితం గుజ్జుతో చేసిన మొహం. నోరు బావిలా తెరుచుకుని ఉంది, కళ్ళ చోట రెండు బొక్కలు. నా చేతిలో గరిటె పొయ్యి మీద పడింది.

"ఏమే, చంపుతావా నన్ను? పొయ్యి దగ్గరా నీ వేషాలు?"

"స్కేరీ కదా! మాస్క్ అమ్మమ్మా. స్కూల్‌లో గ్రీక్ ప్లే చేస్తున్నాం. నేను కోరస్‌లో ఉన్నాను."

"కోరసంటే?"

"అంటే... ట్వెల్వ్ మంది. అందరూ కలిసి నడుస్తారు, కలిసి మాట్లాడతారు. వన్ పర్సన్ లాగా."

"మన చర్చిలో కొయిరు లాగానా?"

"కొంచెం. బట్ వీళ్ళు కింగ్‌తో ఫైట్ కూడా చేస్తారు."

"అయితే మన కొయిరు కాదులే," అన్నాను.

ఆ రోజు నుంచి నేను కూర తరుగుతుంటే పిల్ల ఎదురుగా కూర్చుని ఆ సంగతులు చెప్పేది. దాని తెలుగు సగం సగం. అయినా నాకు బాగానే అర్థమైంది, ఎందుకంటే నాటకం నాకు కొత్త కాదు. మా ఆయన పగలు రైస్ మిల్లులో బస్తాలు మోసేవాడు. ఊళ్ళో నాటకం ఉందంటే తెర తాడు ఆయన చేతిలోనే ఉండేది. వేషం ఎప్పుడూ కట్టలేదు. ఆయన గొంతు బొంగురు, పద్యం నిలబడదు. కానీ తాడు లాగితే తెర ఎక్కడా తట్టుకోకుండా జారుగా పోయేదని అందరూ అనేవాళ్ళు. ముప్పై ఏళ్ళు లాగాడు.

పిల్ల చెప్పిందాన్నిబట్టి ఆ గ్రీకుల నాటకం మొదట నాటకమే కాదట. ద్రాక్షసారా దేవుడొకడికి జాతర చేసేవాళ్ళట. మేకను బలిచ్చి, బలిపీఠం చుట్టూ మగవాళ్ళు గుంపుగా తిరుగుతూ పాడేవాళ్ళట. అలా ఎన్నేళ్ళు పాడారో ఎవరికీ తెలీదు. ఒకసారి ఒకడు ఆ గుంపులోంచి పక్కకొచ్చి నిలబడి, గుంపుకి ఎదురు జవాబు చెప్పాడట. అప్పుడు పుట్టిందట నాటకం.

"ఎందుకు పక్కకొచ్చాడు వాడు?" అన్నాను.

"తెలీదు. మా టీచర్‌కి కూడా తెలీదు."

నాకు తెలుసనిపించింది. అందరూ ఒకే మాట పాడుతుంటే ఒకడికి కడుపు మండి ఉంటుంది.

కొండ వాలునే మెట్లుగా చెక్కుకుని ఊరు ఊరంతా కూర్చునేదట. పొద్దున్నే మొదలుపెట్టేవాళ్ళట, ఎండలోనే. ఆడవేషాలు కూడా మగవాళ్ళే. మా ఊళ్ళోనూ అంతే, మా వీధిలో మంగలాయన రాణి వేషం కడితే నిజం రాణి కూడా దిగదుడుపే. వాళ్ళలో మాట్లాడే వేషగాళ్ళు ముగ్గురే ఉండేవాళ్ళట. వెనక గుడారంలోకి వెళ్ళి మొహం మార్చుకుని, ఇంకో మనిషై వచ్చేవాళ్ళట.

"మరి తెర ఎవరు లాగేవాళ్ళు?"

"తెర లేదు అమ్మమ్మా."

"అయితే మీ తాతకి అక్కడ పని దొరకదు."

పిల్ల నవ్వింది. నేనూ నవ్వాను. అప్పుడు అది మామూలుగా, బెండకాయ ముక్క ఒకటి నోట్లో వేసుకుంటూ ఆ మాట చెప్పింది. ఆ నాటకాల్లో చావు చూపించరట. ఎవరు చచ్చినా లోపలే, కనపడకుండా. ఒక మనిషి పరిగెత్తుకుంటూ వచ్చి ఆ కబురు చెప్తాడట. ఊరికే పోయాడు అని చెప్పి ఊరుకోడట. ఎక్కడ ఉన్నాడు, ఏం చేస్తున్నాడు, చివరికి ఏమన్నాడు, ఎలా పడ్డాడు, అంతా వరసగా చెప్తాడట. భార్య నిలబడి వింటుందట. ఒక్కోసారి ఆ తర్వాత శవాన్ని చక్రాల బల్ల మీద బయటికి తోసి అందరికీ చూపిస్తారట.

"మా ప్లేలో కింగ్ బోట్‌లో వెళ్ళి చనిపోతాడు. మెసెంజర్ వచ్చి క్వీన్‌కి చెప్తాడు. అది మా టీచర్, మేము కలిసి రాశాం."

"వాడు నిజం చెప్తాడా?"

"ఆఁ. హి హాజ్ టు. అదే వాడి జాబ్."

కత్తి పక్కన పెట్టేశాను. మిగతా బెండకాయలు ఆ రోజు తరగలేదు.

ఈ పిల్ల పుట్టింది రెండువేల ఒకటిలో. పురుడు పొయ్యడానికి నేను వచ్చాను. మా ఆయన ఊళ్ళోనే ఉన్నాడు. ఆయనకి విమానమంటే భయం, ఇక్కడి మంచు అంటే ఇంకా భయం. పిల్ల పుట్టి పన్నెండు రోజులైంది. ఆదివారం మధ్యాహ్నం అల్లుడు బేస్‌మెంట్‌లో ఫోన్ మాట్లాడి పైకి వచ్చాడు.

"మామయ్యగారికి కొంచెం జ్వరమట అత్తయ్యా. హాస్పిటల్‌లో చేర్చారట. కంగారేం లేదు."

"ఫోన్ కలుపు బాబూ, ఒక మాట మాట్లాడతాను."

"లైన్లు దొరకట్లేదు అత్తయ్యా."

నమ్మాను. చదువు లేని దాన్ని, లైన్ల సంగతి నాకేం తెలుసు? సోమవారం తగ్గుతోందట అన్నాడు. సోమవారం పొద్దున నేను బాలింతకి కారం కొట్టడానికి వెల్లుల్లి ఒలిచాను. తర్వాత లెక్క వేసుకుంటే, అక్కడ ఆయన మీద మట్టి వేసిన వేళ అదే. నా గోళ్ళలో వెల్లుల్లి వాసన.

మంగళవారం సాయంత్రం చర్చివాళ్ళు పది మంది వచ్చారు. గిన్నెలతో అన్నం, కూరలు తెచ్చారు. బిడ్డను చూడటానికి వచ్చారనుకున్నాను. ఒక్కొక్కళ్ళూ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. "బాగున్నారా అమ్మా" అని అడిగారు. ఇంతమంది నాకు ఇంత మర్యాద చేస్తున్నారని ఉబ్బిపోయాను. కబుర్లలో పడ్డాను. మా ఆయన తెర కథ చెప్పాను. ఒకసారి నాటకంలో రాజు పెద్ద పద్యం ఎత్తుకున్నాడు, మా ఆయనకి తాడు చేతిలో ఉండగానే కునుకు పట్టింది, తాడు జారి తెర వచ్చి సరిగ్గా రాజు నెత్తిన పడింది, రాజు తెరలోంచే పద్యం పూర్తి చేశాడు. ఆయన గురక పెట్టినట్టు పెట్టి చూపించాను. మెడ వాల్చి చూపించాను.

ఎవరూ నవ్వలేదు. ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వాపుకుంటోందనుకుని నేను ఇంకాస్త గట్టిగా గురక పెట్టాను.

ఇది చెప్పేటప్పుడు ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది. రెండు రోజుల కిందట పోయిన మొగుడి మెడ వాలినట్టు పది మంది ముందు ఆడి చూపించాను. ఆ పది మందికీ తెలుసు. నాకొక్కదానికే తెలీదు. అందరూ నవ్వు మొహాలు తగిలించుకుని కూర్చున్నారు, నన్ను మొహం లేకుండా మధ్యలో నిలబెట్టారు.

బుధవారం పాస్టరుగారు వచ్చారు. ప్రార్థన చేసి, కళ్ళు తెరవకుండానే, "ప్రభువు ఆయన్ని పిలుచుకున్నాడమ్మా," అన్నారు.

"ఎప్పుడు?"

పాస్టరుగారు కళ్ళు తెరిచి అల్లుడి వైపు చూశారు.

"ఎప్పుడండీ?"

"ఆదివారం."

నేను నోరు తెరిచాను. మా వైపు ఒక పద్ధతి ఉంది. చర్చికి వెళ్ళేవాళ్ళమైనా ఆ పద్ధతి పోలేదు. పెళ్ళాం ముందు ఎత్తుకుంటుంది, రాగం తీసి, చచ్చినవాడు ఏం తిన్నాడు, ఏం తొడిగాడు, ఎవరితో దెబ్బలాడాడు అన్నీ చెప్పి ఏడుస్తుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు చివర అందుకుంటారు. అలా ఏడిస్తేనే మనిషి పోయినట్టు. నేను ఆ మొదటి కూత తీశానో లేదో, పాస్టరుగారు చెయ్యెత్తారు.

"వద్దమ్మా. నమ్మకమున్నవాళ్ళం, అలా గొంతు చించుకోకూడదు. పైగా బాలింత ఉంది."

అల్లుడు అందుకున్నాడు. "అవునత్తయ్యా. తను ఏడిస్తే పాలు ఎండిపోతాయంటారు. పక్కింటివాళ్ళు కూడా పోలీసుల్ని పిలుస్తారు."

ఆ కూత గొంతులో ఉండిపోయింది. పాలు ఎండిపోకూడదని మింగేశాను. మూడు నెలల తర్వాత ఊరు వెళ్ళేసరికి సమాధికి సిమెంటు కూడా చేసేశారు. ఏడిచేవాళ్ళ ఏడుపు అయిపోయింది, ఒక్కదాన్నే ఎత్తుకుంటే అందుకునేదెవరు?

మా మరిది చెప్పిందొక్కటే. ఆ ఆదివారం పొద్దుగూకాక బస్టాండు దగ్గర సోడా కొట్టు బల్ల మీద కూర్చుని ఒరిగిపోయాడట. ఉతికిన చొక్కా తొడుక్కుని ఉన్నాడట. అదే నన్ను తినేసింది. మా ఇల్లూ మిల్లూ ఊరికి ఆ చివర. ఆదివారమైనా చర్చి అయ్యాక చొక్కా విప్పి బనీనుతో తిరిగే మనిషి. పొద్దుగూకాక ఉతికిన చొక్కా తొడుక్కుని బస్టాండుకి ఎందుకు పోయాడు? ఎవరి కోసం? ఎవరిని అడిగినా తెలీదన్నారు. ఆ బస్టాండు దగ్గరే ఫోను బూత్ ఉంది. అమెరికా తిరిగొచ్చాక మా అమ్మాయిని అడిగాను. "మీ నాన్న ఆ రోజు ఫోన్ చేశాడా?" అని.

"లేదమ్మా," అంది.

తర్వాత వెళ్ళాను, వచ్చాను, చివరికి ఇక్కడే ఉండిపోయాను. పద్నాలుగేళ్ళు ఆ చొక్కాని ఆలోచించాను. ఒక్కోసారి చెడ్డగా కూడా ఆలోచించాను. ఆయనకి ఇంకెవరైనా ఉన్నారేమోనని. పోయినవాడిని, పాపం, అనుమానించాను.

ఇప్పుడు ఈ పిల్ల నాటకానికి వస్తాను. టీచరు ఈ పిల్లల్ని అడిగిందట, మీ ఇళ్ళలో ముసలివాళ్ళు చావుకి ఎలా ఏడుస్తారో కనుక్కు రండి అని. కోరస్ రాజు కోసం ఏడవాలి కదా, వట్టి ఇంగ్లీషులో ఏడిస్తే ఆవిడకి నచ్చలేదట.

"అమ్మమ్మా, నువ్వు క్రయింగ్ చేసి చూపిస్తావా?"

"ఏడుపు చూపించేది కాదే. వస్తే వస్తుంది."

"ప్లీజ్. రికార్డ్ చేస్తాను."

శనివారం మధ్యాహ్నం. ఇంట్లో బాగుండదని గ్యారేజీలోకి వెళ్ళాం. దానికి నేను నేర్పాను. మొదట ఊపిరి ఎక్కడ తియ్యాలో, గొంతు ఎక్కడ విరగాలో, గుండె మీద చెయ్యి ఎక్కడ పడాలో. నేను ఎత్తుకున్నాను, నువ్వు చివర అందుకో అన్నాను. మొదటి రెండు సార్లు నేర్పడం కోసమే ఎత్తుకున్నాను. మూడోసారి ఉతికిన చొక్కా అన్న మాట దానంతటదే వచ్చింది. ఎక్కడికి పోయావయ్యా, ఉతికిన చొక్కా తొడుక్కుని ఎవరి కోసం పోయావయ్యా. ఇక ఆగలేదు. పద్నాలుగేళ్ళ కిందట మింగిన కూత బయటికి వచ్చింది. పిల్లకి ఏం అర్థమైందో ఏమో, ఫోను కింద పెట్టేసి చివర చివర అందుకుంటూనే ఉంది. దాని నోట ఆ మాటలు వంకరగా పలుకుతున్నాయి, అయినా అందుకుంది.

గ్యారేజీ తలుపు దానంతటది పైకి లేచింది. మా అమ్మాయి కారు. దిగి పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా! ఏంటమ్మా ఇది? ఏమైంది? వీధి చివరికి వినపడుతోంది!"

"మీ నాన్న పోయాడే. ఏడుస్తున్నాను."

"ఇప్పుడా?"

"అప్పుడు ఏడవనిచ్చారా?"

"మమ్మీ, ఇట్స్ ఫర్ మై ప్లే," అని పిల్ల మధ్యలోకి వచ్చింది.

"ప్లే లేదు ఏమీ లేదు. లోపలికి పదండి. ఎవరైనా కాల్ చేస్తే—"

"చెయ్యనీ," అన్నాను. "పోలీసులు రానీ. వాళ్ళతోనూ చెప్తాను. మూడు రోజులు నా మొగుడి చావు నా దగ్గర దాచారని చెప్తాను."

"నీ మంచికే కదమ్మా! ఎలాగూ మట్టి వేసేలోపు అందుకోలేవని..."

"అందుకోలేకపోతే ఏడవకూడదా? నా మంచి మీరెవరే చూడటానికి? నేను గురక పెట్టి చూపిస్తుంటే నువ్వు గది గుమ్మంలో బిడ్డను పట్టుకుని నిలబడ్డావు. నీకు తెలుసు. అవునా, కాదా?"

అది తల దించుకుంది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఆదివారమే."

అల్లుడు ఒక్కడే దాచాడనీ, దీనికీ నాతోపాటే తెలిసిందనీ అన్నేళ్ళూ అనుకున్నాను, నీ మంచికే అన్న మాట దాని నోట వచ్చేదాకా. పాలు ఎండిపోతాయని నా నోరు మూయించారు కదా. తెలిసినదానికి పాలెందుకు ఎండలేదు?

నాకు దాన్ని కొట్టాలనిపించింది. నిజమే చెప్తున్నాను, చెయ్యి కూడా లేచింది. కానీ పిల్ల అక్కడే ఉంది, ఆ వెర్రి మొహం చంకలో పెట్టుకుని. చెయ్యి దించి అన్నాను, "మీ అమ్మాయి నాటకంలో కబురు తెచ్చేవాడు ఒకడుంటాడట. నిజం చెప్పడమే వాడి పనట. నువ్వు నాకు మెత్తగా చెప్పొద్దు. ఆ రోజు నీకేం తెలుసో వరసగా చెప్పు. ఒక్క మాట వదిలావంటే ఇక నీ ఇంట్లో నీళ్ళు తాగను."

అది కారుకి ఆనుకుని నిలబడింది. తాళాలు చేతిలోనే ఉన్నాయి. నా మొహం చూడకుండా, నేల మీద నూనె మరక చూస్తూ చెప్పింది.

"నాన్న ఫోన్ చేశాడు. ఆదివారం పొద్దున. మనకి పొద్దున, వాళ్ళకి పొద్దుగూకింది. నేనే తీశాను. నువ్వు బాత్రూమ్‌లో పాపకి నీళ్ళు పోస్తున్నావు, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని. అమ్మకివ్వు అన్నాడు. నీళ్ళు పోస్తోంది నాన్నా అన్నాను. పొయ్యనీ, పొయ్యనీ, లేపొద్దు, మళ్ళీ చేస్తాలే అన్నాడు. పాపకి చలి తగలనివ్వొద్దని చెప్పమన్నాడు. ఎలా ఉన్నావు నాన్నా అంటే, ఛాతీలో కొంచెం పట్టేసినట్టుందే, సోడా తాగుతాను అన్నాడు. చొక్కా తొడుక్కుని ఇంత దూరం నడిచొచ్చానే అన్నాడు. కొత్త చొక్కానా అనడిగాను ఊరికే, ఎగతాళికి. ఉతికిందే, మీ అమ్మతో మాట్లాడాలని తొడిగా అన్నాడు."

తాళాలు రెండో చేతిలోకి మార్చుకుంది.

"నా చేతిలో కార్డ్‌లెస్ ఫోన్, అమ్మా. బాత్రూమ్‌కి పది అడుగులు. నిద్ర చాలక, లేవలేక, సరే నాన్నా అని పెట్టేశాను. ఇది నీకెలా చెప్పను?"

ఫోనులో మాట్లాడటానికి ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. చూడండి ఆ మనిషిని. తెర వెనక బతికినవాడు, ఎప్పుడూ ఎవరికీ కనపడనివాడు. కనపడని ఫోనుకి చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. నేను దాని మీద అన్నేళ్ళు అనుమానం పెంచుకున్నాను.

"పది అడుగులు," అన్నాను. లోపలికి వచ్చేశాను. ఆ రోజు దాంతో అన్నం తినలేదు, మర్నాడూ తినలేదు. పాస్టరుగారు ఫోన్ చేసి, క్షమించడం నేర్చుకోవాలమ్మా అన్నారు. ముందు కబురు చెప్పడం మీరు నేర్చుకోండయ్యా, క్షమించడం నేను తర్వాత చూసుకుంటాను అన్నాను.

నాటకం రోజు వెళ్ళాను. వెళ్ళకూడదనుకున్నాను, కానీ పిల్ల మొహం చూసి వెళ్ళాను. బడి హాల్లో మెట్ల వరసలు ఉన్నాయి, ఆ గ్రీకుల కొండలాగా. అల్లుడు అటు చివర, అమ్మాయి నా పక్కన. తెర లేదు. లైట్లు కూడా ఆర్పలేదు. కబురు తెచ్చేవాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు, నల్ల పిల్లవాడు, పొడుగ్గా ఉన్నాడు. వాడు ఇంగ్లీషులో చెప్పింది నాకు సగం తెలీలేదు. కానీ వాడు ఒక్క అడుగు వెనక్కి వెయ్యలేదు, రాణి మొహం మీద నుంచి కళ్ళు తిప్పలేదు. వాడిని లేచి ముద్దు పెట్టుకోవాలనిపించింది.

అప్పుడు కోరస్ ఎత్తుకుంది. పన్నెండు పెద్ద నోళ్ళ మొహాలు. మాటలు ఇంగ్లీషే, రాగం నాది. నా ఊపిరి, నా విరుపు. ఎవరో తెల్లపిల్ల నా లాగే గుండె మీద చెయ్యి వేసుకుంది. మధ్యలో ఒక గొంతు తెలుగులో, వంకరగా, ఎక్కడికి పోయావయ్యా అంది.

నా పక్కన ఏదో చప్పుడైంది. మా అమ్మాయి. పద్నాలుగేళ్ళలో నాన్న కోసం అది ఏడవడం నేను చూడలేదు. మొదట నోరు నొక్కుకుంది. తర్వాత ఆగలేదు. ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. అటు చివర నుంచి అల్లుడు లేచి, టిష్యూ పట్టుకుని వంగి, "ష్... ఇక్కడ కాదు," అన్నాడు.

నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"కూర్చో బాబూ. ఏడవనీ దాన్ని," అన్నాను.

నేను దాని భుజం తట్టలేదు. దగ్గరికి తీసుకోలేదు. నా కోపం ఇంకా నా దగ్గరే ఉంది. కానీ అది గొంతెత్తి ఏడుస్తుంటే, చివర వచ్చినప్పుడు, మెల్లగా అందుకున్నాను.